పాత యుద్ధనౌకల క్రెస్ట్‌లు, ఫిరంగి టాంపియన్లు: అసలు వస్తువును గుర్తించి నిర్ధారించుకోవడం ఎలా?

చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో పాత యుద్ధనౌకల చిహ్నాలు రెండు దారులలో మన చేతికి వస్తాయి. నౌకాదళంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారి ఇళ్లలో, గోడకు తగిలించిన చెక్క పలక మీద ఇత్తడి క్రెస్ట్ రూపంలో కనిపించడం మొదటి దారి. చెన్నైలోని పాత సామాన్ల అంగళ్ల నుంచో, ఇంటర్నెట్ అమ్మకాల నుంచో “ఓడను విరగగొట్టినప్పుడు తీసిన అసలు సరుకు” అన్న హామీతో కొని తెచ్చుకోవడం రెండో దారి. మొదటి దారిలో వచ్చినదానికి మనిషి సాక్ష్యం ఉంటుంది గాని, ఆ మనిషి కాలం చేశాక అది ఏ నౌకదో, ఎందుకు ఇచ్చారో పిల్లలకు తెలియకుండా పోతుంది. రెండో దారిలో వచ్చినదానికి కథ ఎక్కువ, సాక్ష్యం తక్కువ. రెండు సందర్భాలలోనూ వస్తువును వరుసగా ఎలా పరిశీలించాలో, ఏ గుర్తును ఎంతవరకు నమ్మవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

క్రెస్ట్ అంటే ఒక నౌకకు అధికారికంగా కేటాయించిన చిహ్నం. బ్రిటిష్ సంప్రదాయంలో దీనినే బ్యాడ్జి అంటారు. టాంపియన్ అంటే ఫిరంగి గొట్టం మూతికి బిగించే బిరడా. సముద్రపు నీటి తుంపర, ఉప్పుగాలి గొట్టంలోకి చొరబడి తుప్పు పట్టించకుండా ఆ బిరడా కాపాడుతుంది. రేవులో ఉన్నప్పుడు నౌక అందంగా కనిపించాలని టాంపియన్ ముఖం మీద కూడా ఇత్తడితో నౌక చిహ్నాన్ని అమర్చే అలవాటు చాలా నౌకాదళాలలో ఉంది. అందువల్ల ఈ రెండు వస్తువులను కలిపి చదువుకోవడమే మంచిది: చిహ్నం నౌక పేరును చెబుతుంది, బిరడా కొలత ఆ నౌక ఫిరంగిని చెబుతుంది, ఆ రెండూ ఒకదానితో ఒకటి పొసగాలి.

మొదట తోమడం ఆపండి

పాత ఇత్తడి వస్తువు ఇంటికి రాగానే చింతపండు గుజ్జుతోనో, పీతాంబరి పొడితోనో తళతళలాడేటట్లు తోమడం మన ఇళ్లలో సహజంగా జరిగే పని. పూజా సామగ్రికి అది సరైనదే; పరిశీలించవలసిన వస్తువుకు మాత్రం అది తీరని నష్టం. చింతపండులోని ఆమ్లం లోహపు పైపొరను, మూలల్లో దశాబ్దాలుగా పేరుకున్న చిలుమును, పాత పాలిష్ మడ్డిని, రంగు అవశేషాలను ఒక్కసారిగా తీసేస్తుంది. వయసును చెప్పగల సాక్ష్యాలు అవే. కాబట్టి పరిశీలన పూర్తయ్యేవరకు మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడం తప్ప మరేమీ చేయకండి. పాత రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది గనుక గరుకు కాగితంతో రుద్దవద్దు, పిల్లలకు అందనివ్వవద్దు, పట్టుకున్న తరువాత చేతులు కడుక్కోండి.

ఆ తరువాత వస్తువును పగటి వెలుగులో ముందు, వెనుక, నాలుగు అంచుల నుంచి ఫొటోలు తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. వెనుక వైపు ఫొటో అన్నింటికన్నా విలువైనది, ఎందుకంటే ముందు వైపును అందంగా తయారు చేసేవారు వెనుక వైపు మీద అంత శ్రద్ధ పెట్టరు. అమ్మేవారు వెనుక వైపు ఫొటో పంపడానికి తటపటాయిస్తే ఆ బేరాన్ని అక్కడే ఆపడం మేలు.

ఇది ఏ పనికి తయారైంది?

“అసలా, నకిలీయా” అన్న ప్రశ్నతో మొదలుపెట్టినవారు తరచుగా దారి తప్పుతారు. “ఈ వస్తువు ఏ పని కోసం తయారైంది” అన్నది మొదట తేల్చుకోవాలి. నౌక మీదనే బిగించిన పెద్ద క్రెస్ట్ ఒక రకం. నౌకకు చెందిన చిన్న పడవలకు బిగించే చిన్న క్రెస్ట్ మరొక రకం. సిబ్బంది బదిలీ అయినప్పుడో, అతిథి నౌకను సందర్శించినప్పుడో జ్ఞాపికగా ఇచ్చే పలక మూడోది. సావనీరు అంగళ్లలో అమ్మేది నాలుగోది. ఎవరినైనా మోసగించాలని చేసినది ఐదోది. వీటిలో మొదటి నాలుగూ నిజాయితీగల వస్తువులే. ఒక నావికుడికి అతని నౌక ఇచ్చిన జ్ఞాపిక నూటికి నూరుపాళ్లు అసలైన జ్ఞాపిక. దానిని “ఓడ ముందుభాగం నుంచి తీసినది” అని చెప్పి అమ్మినప్పుడే అది అబద్ధమవుతుంది. ఇళ్లలో కనిపించే వాటిలో ఎక్కువ భాగం ఈ మూడో రకానివే. వాటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. పేరు, సంవత్సరం తెలిసిన ఒక జ్ఞాపిక, ఊరూ పేరూ లేని పెద్ద క్రెస్ట్ కంటే చరిత్రకు ఎక్కువ పనికివస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

వేరు చేయడం కష్టమేమీ కాదు. నౌక మీద బిగించినదానికి బలమైన బోల్టు రంధ్రాలో, వెనుక పోతలోనే వచ్చిన మర దిమ్మలో ఉంటాయి; బరువు మోయగల మందం ఉంటుంది; గాలీ వానా తగిలిన అరుగుదల ఉంటుంది. జ్ఞాపికలో లోహం పలుచగా ఉండి, చిన్న స్క్రూలతోనో జిగురుతోనో చెక్క పలకకు అంటించి ఉంటుంది. వెనుక గోడకు తగిలించే కొక్కెం ఉంటుంది. తరచుగా కింద ఒక చిన్న రేకు మీద ఇచ్చినవారి పేరో తేదీయో చెక్కి ఉంటుంది. ఆ రేకు ఊడిపోయినా దాని రెండు చిన్న రంధ్రాలు, చెక్క మీద దాని నీడవంటి లేత మచ్చ మిగులుతాయి. వాటిని వెతకండి.

చెక్క గురించి సందేహముంటే మన ప్రాంతంలోనే నిపుణులున్నారు. ఏర్పేడు మండలం మాధవమాలలో తరతరాలుగా కొయ్య చెక్కుతున్న శిల్పులకు పలక అంచున కనిపించే రేఖను చూపితే అది టేకో, మరొక గట్టి కలపో, పైన పలుచని పొర అంటించిన ప్లైవుడ్డో చెప్పగలరు. 1930ల నాటిదని చెప్పిన పలక వెనుక కలప పొట్టును ఒత్తి చేసిన ఎం.డి.ఎఫ్. కనిపిస్తే, కనీసం ఆ పలకైనా తరువాత వచ్చినదే.

చట్రం, కిరీటం, సింహాలు

వస్తువు రకం తేలిన తరువాత దాని ఆకారాన్ని చదవాలి. బ్రిటిష్ నౌకాదళంలో 1918కి ముందు క్రెస్ట్‌లు కెప్టెన్ల ఇష్టం మీద తయారయ్యేవి. వాటికి ఏకరూపం లేదు. టవర్ ఆఫ్ లండన్ ఆయుధశాల క్యూరేటరు చార్లెస్ ఫోక్స్‌ను, ‘టవర్’ అనే డెస్ట్రాయరు (చిన్నదైన, వేగంగా సాగే యుద్ధనౌక) అధికారులు తమ నౌకకు ఒక చిహ్నం గీసి ఇమ్మని అడగడం ఈ కథకు నాంది. ఆ తరువాత 1918లో చిహ్నాల కోసం ప్రత్యేక కమిటీ ఏర్పడింది, ఫోక్స్ దానికి సలహాదారయ్యారు. అప్పటి నియమం ప్రకారం యుద్ధనౌకలలో అతి పెద్దవైన బ్యాటిల్‌షిప్‌లకు గుండ్రని చట్రం, వాటికన్నా చిన్నవైన క్రూయిజర్లకు ఐదు భుజాల చట్రం, డెస్ట్రాయర్లకు డాలు ఆకారం, విమానవాహక నౌకలకు, స్లూప్‌లనే చిన్న కాపలా నౌకలకు, సహాయక నౌకలకు వజ్రాకారం కేటాయించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ తేడాలను వదిలి యుద్ధనౌకలన్నింటికీ గుండ్రని చట్రమే ఖాయం చేశారు. దీని నుంచి మనకు ఒక మంచి పరీక్ష దొరుకుతుంది: 1920లలో క్రూయిజరుగా పనిచేసిన నౌకదంటూ గుండ్రని చట్రం చూపితే, అది తరువాతి కాలపు పోత అయినా కావాలి, జ్ఞాపిక అయినా కావాలి. అబద్ధమని వెంటనే తేల్చకండి. కాని చెప్పిన తేదీని నమ్మకండి.

చట్రం చుట్టూ తాడు అల్లిక, పైన నౌకా కిరీటం, ఆ రెంటి నడుమ పేరు పలక ఉండటం బ్రిటిష్ పద్ధతి. నౌకా కిరీటంలో తెరచాపలు, ఓడల వెనుక భాగాలు ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి. సావనీరు పోతలలో మొదట చెడిపోయేది ఈ కిరీటమే: ఓడ వెనుక భాగంలోని కిటికీలు, తెరచాప మడతలు ముద్దగా కలిసిపోతాయి. భూతద్దంతో ముందుగా అక్కడే చూడండి. అధికారిక క్రెస్ట్‌ల పేరు పలక మీద సాధారణంగా నౌక పేరు మాత్రమే ఉంటుంది, ముందు “హెచ్.ఎం.ఎస్.” (బ్రిటన్ రాజు లేదా రాణి నౌక అని అర్థం) అని చేర్చిన అక్షరాలు ఎక్కువగా సావనీర్లలో కనిపిస్తాయి.

భారతీయ నౌకలకు వచ్చేసరికి తేదీలు మనకు మరింత సాయపడతాయి. రాయల్ ఇండియన్ మెరైన్ 1934లో రాయల్ ఇండియన్ నేవీగా మారింది, నౌకల పేర్ల ముందు “హెచ్.ఎం.ఐ.ఎస్.” (రాజుగారి భారతీయ నౌక అని అర్థం) చేరింది. స్వాతంత్ర్యం 1947లో వచ్చినా ఈ ఉపసర్గ 1950 జనవరి 26 వరకు కొనసాగింది, ఆ రోజు నుంచి “ఐ.ఎన్.ఎస్.” అమలులోకి వచ్చింది, చిహ్నాల పైభాగాన అశోకుని సింహ శీర్షం వచ్చింది. స్వాతంత్ర్యానంతర క్రెస్ట్‌లలో దేవనాగరి లిపిలో నౌక పేరు కూడా తరచుగా కనిపిస్తుంది. కనుక “హెచ్.ఎం.ఐ.ఎస్.” అక్షరాలు, సింహ శీర్షం ఒకే పోతలో కలిసి ఉంటే చేసినవారికి చరిత్ర తెలియదన్నమాట. బ్రిటిష్ రాజ కిరీటం కింద “ఐ.ఎన్.ఎస్.” ఉన్నా అంతే.

ఇక్కడే ఎమ్డెన్ గురించి ఒక మాట చెప్పాలి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ క్రూయిజరు ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించిన సంగతి మన వైపు ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తుంది. ఆ పేరు చెబితే బేరం త్వరగా తెగుతుందని అమ్మేవారికి తెలుసు. తాడు అల్లిక, నౌకా కిరీటం, ఇంగ్లీషు పేరు పలక ఉన్న క్రెస్ట్‌ను ఎమ్డెన్‌దని చూపితే ఒప్పుకోవద్దు. ఆ రూపం బ్రిటిష్‌వారిది, అది స్థిరపడింది 1918లో. ఎమ్డెన్ మాత్రం 1914 నవంబరులోనే కోకోస్ దీవుల దగ్గర ధ్వంసమైంది.

పేరు ఒకటే, నౌకలు ఎన్నో

చాలామంది పొరపడేది ఈ దశలోనే, కాబట్టి కొంత నిదానంగా చెబుతాను. నౌకాదళాలు పేర్లను మళ్లీ మళ్లీ వాడతాయి. పేరు చదవగానే నౌక దొరికిందనుకోవడం తొందరపాటు.

“ఢిల్లీ” అన్న పేరునే తీసుకోండి. 1919లో సేవలో చేరిన బ్రిటిష్ తేలిక క్రూయిజరు ఢిల్లీ ఒకటుంది. దానికి మొదట 6 అంగుళాల ఫిరంగులుండేవి, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో వాటిని తీసి 5 అంగుళాల ఫిరంగులు బిగించారు, 1948లో దానిని తుక్కుకు అమ్మారు. అదే 1948లో భారత్‌కు వచ్చిన క్రూయిజరు ఢిల్లీ రెండోది. ఇది అంతకు ముందు అకిలీస్ పేరుతో 1939 డిసెంబరు 13న రివర్ ప్లేట్ యుద్ధంలో పోరాడింది, 1978 వరకు మన దళంలో ఉంది, దాని ప్రధాన ఫిరంగులు 6 అంగుళాలవి. 1997లో సేవలో చేరిన మన సొంత డెస్ట్రాయరు ఢిల్లీ మూడోది. దాని ఫిరంగి 100 మిల్లీమీటర్లది.

ఇప్పుడు మీ చేతిలో “ఢిల్లీ” అని ఉన్న క్రెస్ట్ ఉందనుకోండి. ఐదు భుజాల చట్రం, నౌకా కిరీటం ఉంటే అది మొదటి ఢిల్లీ వైపు మొగ్గుతుంది. దానికి భారత నౌకాదళంతో సంబంధం లేదు. సింహ శీర్షం ఉంటే రెండోదో మూడోదో అవుతుంది; అప్పుడు పోత తీరు, స్క్రూలు, వెంట వచ్చిన కాగితాలు నిర్ణయిస్తాయి. ఏ రకంగా చూసినా “రివర్ ప్లేట్ యుద్ధంలో పాల్గొన్న ఢిల్లీ క్రెస్ట్” అన్న వర్ణన నిలబడదు. ఆ యుద్ధంలో ఆ నౌక పేరు అకిలీస్. ఢిల్లీ అన్న అక్షరాలతో ఆ రోజు దాని మీద ఏ పలకా ఉండే వీలు లేదు.

తెలుగువారికి దగ్గరైన గోదావరి పేరు కూడా ఇలాంటిదే. 1943 నాటి స్లూప్ గోదావరి విభజన తరువాత పాకిస్తాన్‌కు వెళ్లి ‘సింధ్’ అయింది. 1953లో బ్రిటిష్ నౌక బెడేల్ మన దళంలోకి వచ్చి గోదావరి అయింది. ఈ రెండింటివీ 4 అంగుళాల ఫిరంగులు. 1983లో ముంబయిలో తయారై సేవలో చేరి 2015లో విరమించిన ఫ్రిగేట్ గోదావరి మీద ఉన్నవి 57 మిల్లీమీటర్ల రష్యన్ ఫిరంగులు. కృష్ణా నది పేరు పెట్టుకున్న 1943 నాటి స్లూప్ మీద పేరు బ్రిటిష్ వర్ణక్రమంలో “కిస్ట్నా” అని ఉంటుంది. ఆ కాలపుదంటూ “కృష్ణ” అని రాసిన క్రెస్ట్ చూపితే, అది 1995లో బ్రిటన్ నుంచి కొన్న ఆండ్రోమెడా అనే నౌకకు పెట్టిన కృష్ణ పేరుదేమో చూడండి.

కాబట్టి చేయవలసిన పని ఇది: పేరు చదివిన వెంటనే ఒక కాగితం మీద ఆ పేరు గల నౌకలన్నింటినీ, అవి సేవలో ఉన్న సంవత్సరాలను, వాటి ఫిరంగుల కొలతలను వరుసగా రాసుకోండి. తరువాత ప్రతి సాక్ష్యాన్నీ ఆ జాబితా ముందు పెట్టి, పొసగని నౌకలను ఒక్కొక్కటిగా కొట్టివేయండి.

టాంపియన్‌ను కొలవడం

టాంపియన్ విషయంలో అబద్ధం ఆడటం కష్టం, ఎందుకంటే అది ఒక గొట్టంలో సరిపోవాలి. వెర్నియర్ కాలిపరుతో రెండు కొలతలు తీయండి: గొట్టం లోపలికి వెళ్లే భాగపు వ్యాసం, మూతి మీద ఆనే ముఖపు వ్యాసం. ముఖం ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది. చాలామంది దానినే కొలిచి ఫిరంగి పరిమాణం అనుకుంటారు. మనకు కావలసినది లోపలి భాగపు కొలత. అది గొట్టం లోపలి వ్యాసం కంటే కాస్త తక్కువగా ఉండి, చుట్టూ ఉన్న తోలు లేదా రబ్బరు వలయం ఆ ఖాళీని నింపుతుంది. కాలిపరు ఇంట్లో లేకపోతే ఏ లేత్ షెడ్డులోనైనా కొలిచి పెడతారు.

ఈ కొలతలు గుర్తుంచుకోండి. 6 అంగుళాలంటే 152.4 మిల్లీమీటర్లు, 5 అంగుళాలంటే 127, 4 అంగుళాలంటే 101.6, 3 అంగుళాలంటే 76.2. బ్రిటిష్ 4.7 అంగుళాల ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 120 మిల్లీమీటర్లు. 4.5 అంగుళాల నౌకా ఫిరంగి విషయంలో ఒక చిక్కు ఉంది: పేరుకు 4.5 అయినా దాని గొట్టం నిజానికి 4.45 అంగుళాలది, అంటే 113 మిల్లీమీటర్లు. లెక్కవేసి 114.3 మిల్లీమీటర్ల బిరడా తయారు చేసినవారు ఆ ఫిరంగిని ఎన్నడూ కొలవలేదన్నమాట. కాలిపరుకు ఇంతకన్నా చక్కని పని నాకు తెలియదు.

ఈ కొలతలు చాలా కథలను నిలబెడతాయి, చాలా కథలను పడగొడతాయి. 1971లో విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి అక్కడున్న పాత రాజ్‌పుత్ మీద 4.7 అంగుళాల ఫిరంగులుండేవి. 1980లో సేవలో చేరి 2021లో విశాఖలో విరమించిన కొత్త రాజ్‌పుత్ మీదివి 76 మిల్లీమీటర్లవి. బిరడా లోపలి భాగం 75 మిల్లీమీటర్లుంటే అది 1971 నాటి రాజ్‌పుత్‌ది కాదు. 1971 డిసెంబరు 9న దియూ తీరానికి ఆవల 18 మంది అధికారులతో, 176 మంది నావికులతో మునిగిపోయిన ఖుక్రీ మీద పెద్ద ఫిరంగులే లేవు. ఉన్నవి 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు. ఆ ఖుక్రీ పేరుతో అరచేతి కంటే వెడల్పయిన టాంపియన్ అమ్మడం అబద్ధమే కాదు, ఆ మృతుల పట్ల అపచారం కూడా. అలాంటిది చూస్తే కొనకండి, ఇతరులను కొననివ్వకండి. 1961లో సేవలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ విషయం కూడా అంతే: దాని మీద ఉన్నవి 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులే. జలాంతర్గామి కుర్సురా మీద ఫిరంగి లేనే లేదు గనుక దాని పేరుతో టాంపియన్ ఉండే ప్రశ్నే రాదు.

కొలత సరిపోయాక నిర్మాణం చూడండి. పనిచేసిన టాంపియన్ వెనుక కొయ్య లేదా లోహపు దిమ్మ ఉంటుంది. నడుమ ఒక మర బోల్టు తిప్పితే వలయం ఉబ్బి గొట్టం గోడకు బిగుసుకునే ఏర్పాటు చాలా వాటిలో ఉంటుంది. గ్రీజు మడ్డి, ఎండి పగిలిన తోలు, ముఖం వెనుక గొట్టం మూతి ఆనినచోట ఏర్పడిన మెరుగైన వలయాకార గీత కనిపిస్తాయి. నౌక విరమించాక గోడకు తగిలించుకోవడానికి వెనుక దిమ్మను తీసేసిన టాంపియన్లు కూడా ఉన్నాయి. అప్పుడు మిగిలిన మర రంధ్రం, లేత్ మీద తిప్పినప్పుడు పడిన గుండ్రని గీతలు, ఆ ఆనిక గీత ఉన్నాయో లేవో వెతకాలి. ఇవేవీ లేకుండా వెనుక భాగం చదునుగా, నునుపుగా ఉంటే అది టాంపియన్ ఆకారంలో చేసిన అలంకారం.

మర పళ్లు కూడా సాక్ష్యమే. బ్రిటిష్ కాలపు బోల్టులకు విట్‌వర్త్ మరలుంటాయి: పంటి కోణం 55 డిగ్రీలు, అరంగుళం బోల్టుకు అంగుళానికి 12 పళ్లు, మూడెనిమిదవ అంగుళం బోల్టుకు 16. మెట్రిక్ మరల కోణం 60 డిగ్రీలు. లేత్ షెడ్డులో ఉండే మర గేజి పెట్టి చూస్తే అరనిమిషంలో తేలుతుంది. 1940ల బిరడాలో మెట్రిక్ బోల్టు ఉంటే, ఆ బోల్టును తరువాత మార్చారా, లేక వస్తువు మొత్తం తరువాతిదా అన్నది ఆలోచించాలి. రష్యన్ ఫిరంగులున్న నౌకలకు మాత్రం మెట్రిక్ మరలే సహజం.

లోహం, పోత

అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుముందని అర్థం. అంటుకోకపోతే ఏమీ రుజువు కాదు, ఎందుకంటే ఇత్తడి, కంచు, అల్యూమినియం, జింకు మిశ్రమం, రెసిన్ ఏదీ అంటుకోదు. సాంద్రత పరీక్ష ఇంతకంటే మేలైనది. చెక్క, తోలు లేని, విడిగా ఉన్న లోహపు వస్తువుకే ఇది చేయండి. మొదట పొడిగా తూచండి. తరువాత తూకం యంత్రం మీద నీటి గిన్నె పెట్టి సున్నా చేసి, వస్తువును దారంతో కట్టి, గిన్నె అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు యంత్రం చూపే గ్రాములే వస్తువు ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువు 2,610 గ్రాములు, ముంచినప్పుడు 300 అనుకుంటే సాంద్రత 8.7. ఇత్తడికి సుమారు 8.4 నుంచి 8.7 వరకు, 88 పాళ్ల రాగి, 10 పాళ్ల తగరం, 2 పాళ్ల జింకు కలిసిన నౌకాదళపు గన్‌మెటల్‌కు 8.7 చుట్టూ వస్తుంది. 6.7 చుట్టూ వస్తే జింకు మిశ్రమం, 2.7 వస్తే అల్యూమినియం. 2 లోపు వస్తే రెసిన్. అల్యూమినియం అనగానే నకిలీ అనుకోవద్దు. తరువాతి కాలంలో అధికారిక క్రెస్ట్‌లను కూడా అల్యూమినియంతో పోశారు. చెప్పిన తేదీతో పొసగుతుందా అన్నదే ప్రశ్న. ఇంకా ఖచ్చితంగా కావాలంటే బంగారు నగల అంగళ్లలోని క్యారెట్ మీటరు లోహంలో రాగి, జింకు, తగరం ఉన్నాయో లేవో చూపుతుంది. అది బంగారానికి సరిచేసిన యంత్రం గనుక శాతాలను ఉజ్జాయింపుగానే తీసుకోండి.

పోత గురించి మన ఊళ్లో అడగదగినవారున్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలోని సంప్రదాయ శిల్పకళా సంస్థలో లోహ శిల్పం నేర్పుతారు. పంచలోహ విగ్రహాలు పోసే శిల్పులు వస్తువు వెనుక భాగం చూసి అది ఇసుక అచ్చులో పోసినదా, మైనపు అచ్చులో పోసినదా చెప్పగలరు. నౌకల క్రెస్ట్‌లను చెక్కిన కొయ్య నమూనా నుంచి ఇసుక అచ్చులో పోయడం పాత పద్ధతి. వెనుక సన్నని ఇసుక గరుకుదనం, ఆకురాయితో సాపు చేసిన తిన్నని గీతలు కనిపిస్తాయి. కరెంటు గ్రైండరు వంపు గీతలు ఆ ఇసుక గరుకును చెరిపేసి ఉంటే అది ఇటీవలి పని.

అసలు క్రెస్ట్‌నే అచ్చుగా వాడి తిరిగి పోసిన నకలును పట్టుకోవడానికి ఒక నమ్మకమైన గుర్తు ఉంది. కరిగిన ఇత్తడి చల్లారేటప్పుడు పొడవులో నూటికి సుమారు ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది. 200 మిల్లీమీటర్ల అసలుకు నకలు దాదాపు 3 మిల్లీమీటర్లు చిన్నదవుతుంది. ధ్రువీకరించిన కొలత దొరికితే పోల్చి చూడండి. కొలత దొరకకపోయినా మరో గుర్తు చూడవచ్చు: అసలు మీద ఉన్న గీతలు, సొట్టలు, చివరకు స్క్రూ తలల గాడులు కూడా నకలులో లోహంతో కలిసి మొద్దుబారి పోతలోనే వచ్చేస్తాయి. గీత లోపల కూడా ఇసుక గరుకు ఉంటే అది గీత కాదు, గీత నకలు.

అరుగుదల, రంగు

రోజూ పాలిష్ చేసిన ఇత్తడి ఎత్తైన చోట్ల అరిగి, లోతైన చోట్ల నల్లబడి, మూలల్లో బ్రాస్సో వంటి పాలిష్ తెల్లటి మడ్డితో ఉంటుంది. నావికుడి చేయి ముందు వైపుకే వెళ్తుంది. వెనుక వైపు మెరుగు ఉండదు. కిరీటపు చివరలు, అక్షరాల అంచులు గుండ్రబడి, వెనుక గరుకుగానే ఉండటం సహజమైన వయసు. అన్నివైపులా ఒకే రకమైన పచ్చదనం, తడి దూదికి అంటుకుని వచ్చే చిలుము, అమ్మోనియా వాసన రసాయనంతో ముదిరించిన పనికి గుర్తులు. రంగులున్న క్రెస్ట్‌లలో పెచ్చు ఊడినచోట భూతద్దంతో చూస్తే పొరలు పొరలుగా పాత రంగులు కనిపిస్తాయి, ఎందుకంటే నౌక మీద అన్నింటికీ మళ్లీ మళ్లీ రంగు వేస్తారు. ఒకే పొర, దాని కింద మెరిసే కొత్త లోహం అయితే సందేహించండి. నక్షత్రపు గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల మధ్యలో వచ్చాయి. 1920ల వస్తువులో అవి మరమ్మత్తు అయినా కావాలి, మోసమైనా కావాలి.

ప్రభుత్వ సొత్తుకు గుర్తుగా వేసిన బాణపు ముద్ర కనిపిస్తే ఆనందపడకముందు ఆలోచించండి. దానిని ఒక ఉలితో ఎవరైనా కొట్టగలరు. ముద్ర గాడిలో కూడా మిగిలిన పైభాగంలో ఉన్నంత నలుపు, అంత మడ్డి ఉండాలి.

కాగితాలు, చట్టం, ధర

ఇంట్లో వస్తువైతే విరమణ చేసినవారి సర్వీసు పుస్తకం, బదిలీ ఉత్తర్వులు, నౌక మీద తీయించుకున్న ఫొటోలు వెతికి, ఆయన ఏ సంవత్సరాలలో ఏ నౌకలో ఉన్నారో రాసుకోండి. పెద్దవారు బ్రతికి ఉంటే ఇప్పుడే అడిగి, ఆయన మాటలను తేదీతో సహా రికార్డు చేయండి. కుటుంబానికి పత్రాల విషయంలో సందేహాలుంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఎవరిని సంప్రదించాలో చెబుతారు. బ్రిటిష్ నౌకల క్రెస్ట్‌లను పోల్చడానికి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం సేకరణ ఉపయోగపడుతుంది. మన నౌకల వస్తువులను కళ్లారా చూసి చూపు అలవాటు చేసుకోవాలంటే విశాఖ బీచ్ రోడ్డులోని కుర్సురా, విశాఖ మ్యూజియం తగిన చోట్లు. అంగడిలో కొనేటప్పుడు రసీదులో “పాత ఇత్తడి వస్తువు” అని కాకుండా, అమ్మేవారు నోటితో చెప్పిన నౌక పేరు, కాలం రాయించుకోండి. రాయనంటే ధరను అలంకార వస్తువు ధరగానే లెక్కగట్టండి.

నౌక లోహానికి, నౌక వస్తువుకు తేడా కూడా గమనించండి. విక్రాంత్‌ను ముంబయి దారుఖానాలో విరగగొట్టాక ఆ ఉక్కును కలిపి 2016లో బజాజ్ మోటారు సైకిళ్లు తయారయ్యాయి. “విక్రాంత్ లోహంతో చేసిన క్రెస్ట్” అన్న మాట నిజమైనా, అది విక్రాంత్ మీద ఉన్న క్రెస్ట్ అవదు. రెండింటి ధర ఒకటి కాకూడదు.

వందేళ్లు నిండిన వస్తువు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం పరిధిలోకి వస్తుంది. దానిని దేశం దాటించడానికి ప్రైవేటు వ్యక్తులకు అనుమతి లేదు, వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. ఇప్పుడు సేవలో ఉన్న నౌక నుంచి వచ్చిందని చెప్పే వస్తువును అసలే ముట్టుకోకండి. అది నిజమైతే ప్రభుత్వ సొత్తు, అబద్ధమైతే మోసం.

చివరగా, తేలిన విషయాలను ఒక కాగితం మీద రాసి వస్తువుతో పాటు ఉంచండి: కొలతలు, బరువు, సాంద్రత, చట్రం ఆకారం, అక్షరాలు, మరల రకం, ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు వచ్చింది, ఏ నౌకలను ఏ కారణంతో కొట్టివేశారు, మిగిలిన నౌక ఏది. ఖాయంగా తెలిసినదానిని ఒక వైపు, ఊహను మరొక వైపు రాయండి. ఆ కాగితాన్ని వస్తువుకు జిగురుతో అంటించకండి. ఆమ్లం లేని కవరులో పెట్టి, వస్తువు వెనుక కట్టిన నూలు దారానికి అదే సంఖ్య గల చిన్న చీటీ వేలాడదీయండి.